చిటపటల ఒటీలియా

మా అమ్మమ్మ ఒటీలియా బ్రెనెస్‌కి ఈ కొండ మీద పలకరించే మనుషులకంటే తిట్టే మనుషులే ఎక్కువ. పొద్దున్నే లేచి ముందు వానని తిడుతుంది. తర్వాత కోడిపుంజుని. ఆ తర్వాత చర్చి ఫాదరుని, ఆవిడ లేచాక గాని ఆయన గంట కొట్టడు కాబట్టి. ఇదంతా గొంతు సవరించుకోవడానికే. అసలు తిట్లు పక్కింటి నికానోర్‌కి. అవి కాఫీ తాగాక మొదలవుతాయి, కాస్త బలం కావాలి గనక.

మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య కంచె మీద ఒక జోబో చెట్టు ఉంది. దాని బెరడు బూడిదరంగు, అక్కడక్కడ తెల్లటి నాచు మచ్చలు. ఆ బెరడు మీద రెక్కలు పరిచి, తల కిందికి పెట్టి అతుక్కుని కూర్చునే చిన్న సీతాకోకచిలుక ఒకటుంది. జానెడు దూరం నుంచి చూసినా బెరడే అనుకుంటారు. మీరు దారిన పోతుంటే చెట్టులోంచి ఒక ముక్క ఊడినట్టు లేచి, చిటచిటమంటూ మీ మొహం మీదికి వచ్చి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ చెట్టుకి అతుక్కుంటుంది. పచ్చికట్టె పొయ్యిలో పెట్టినట్టుంటుంది ఆ చప్పుడు. మేం దాన్ని చిటపట అంటాం. అది తన చెట్టు దగ్గరికి ఇంకో చిటపటని రానివ్వదు, పిట్టని రానివ్వదు, ఒకసారి ఉత్తరాలు తెచ్చే మనిషిని కూడా రానివ్వలేదు.

అమ్మమ్మ బతుకు ఈ పురుగు మీదే నడుస్తుంది. వీళ్ళిద్దరిలో ఎవరి బుద్ధి ఎవరికి అంటుకుందో చెప్పలేను.

ఆవిడ పుట్టింది పైన తుర్రియాల్బా కాఫీ తోటల్లో. ఇరవయ్యేళ్ళకి తాత రమీరోతో కిందికి దిగి అరటి కంపెనీలో గెలలు కడిగే పనిలో చేరింది. కంపెనీ మూతపడితే తాత రేవులో పని వెతుక్కుంటానని లిమోన్ వెళ్ళాడు. ఒక ఉత్తరం వచ్చింది. తర్వాత ఆయన ఇంకొకావిడతో కాపురం పెట్టాడన్న కబురు వచ్చింది. అప్పటినుంచి అమ్మమ్మ సముద్రం చేపలు తినదు. "వాటికన్నీ తెలుసు, ఒక్కటీ నాకు చెప్పలేదు" అంటుంది. చేతిలో మా అమ్మ, ఇంట్లో ఒక కోడి. ఆ రోజుల్లోనే చర్చి హాల్లో సీతాకోకచిలుకలు పెంచడం నేర్పుతామని ఎవరో వచ్చారు. ఊళ్ళో పన్నెండు మంది నేర్చుకున్నారు. అందరూ అరచెయ్యంత నీలం రెక్కలవాటి కోసం ఎగబడ్డారు. అమ్మమ్మ మాత్రం వెనక బల్ల మీద ఎవరూ ముట్టని బూడిద పురుగుని చూపించి, "ఇది నాకివ్వండి. ఇది కొట్లాడుతుంది" అందట.

పన్నెండు మందిలో పదిమంది మానేశారు. మిగిలింది అమ్మమ్మా, నికానోరూ.

వాళ్ళ పగ వయసు నా వయసుకంటే ఎక్కువ. ఒక ఎండాకాలం నికానోర్ కోళ్ళగూటికి పేల మందు కొట్టాడు. గాలి ఇటు తిరిగింది. అమ్మమ్మ పురుగుల్ని పెంచే వలగదిలో ఒక కాన్పు గొంగళిపురుగులన్నీ పొద్దుటికి ఆకుల కింద రాలిపడి ఉన్నాయి. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని క్షమాపణ చెప్పడానికి వచ్చాడు. అమ్మమ్మ విన్నది, తల ఊపింది, మర్నాడు మా కోళ్ళన్నిటినీ ఆయన వలగదిలోకి తోలింది. కోళ్ళు ఆ వారమంతా గుడ్లు పెట్టలేదు, అంత తిన్నాయి. ఇక అక్కడినుంచి చెట్టు ఎవరిదన్న తగువు. వేళ్ళు నావైపున్నాయంటాడు ఆయన. చిటపటలు తనమీదికే వస్తాయి కాబట్టి చెట్టు తనదే అంటుంది ఈవిడ.

పెంచడం చెప్పినంత తేలిక కాదు. చిటపట దురదతీగ ఆకు మీదే గుడ్లు పెడుతుంది, పూసలు గుచ్చినట్టు ఒకదానికింద ఒకటి వేలాడేలా. గొంగళిపురుగులు ఆ ఆకే తింటాయి. కోసేటప్పుడు మన చేతులు మోచేతుల దాకా దద్దురెక్కుతాయి. పెరిగిన పురుగు చివరికి తలకిందులుగా వేలాడి కాయ అవుతుంది. చూస్తే రెండు చెవులున్న ఎండుటాకులా ఉంటుంది. ఆ కాయల్ని దూది మధ్య పెట్టెల్లో సర్దితే మంగళవారం కొనుగోలుదారు పికప్ బండి వచ్చి తీసుకుపోతుంది. అవి విమానం ఎక్కి చలిదేశాల్లో అద్దాల ఇళ్ళకి పోతాయి. అక్కడ రెక్కలు విచ్చుకుంటే పిల్లలు చూసి చప్పట్లు కొడతారట.

ఈ పనికి శత్రువు ఈగ. అది గొంగళిపురుగు వీపు మీద ఆవగింజలో సగమంత తెల్ల గుడ్డు అంటిస్తుంది. దాన్ని ఆ పూటే చూసి గోటితో నలిపెయ్యాలి. చూడకపోతే ఈగపిల్ల లోపలికి దూరి లోపలే తింటుంది. పైకి కాయ కాయలానే ఉంటుంది. అద్దాల ఇంట్లో పెట్టె తెరిస్తే రెక్కలకి బదులు ఈగలు బయటికొస్తాయి.

పోయిన ఏడు అమ్మమ్మ పెట్టెల్లోంచి రెండుసార్లు ఈగలు వచ్చాయి. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ లేదు.

కొనుగోలుదారు మనిషి విల్బెర్త్ వచ్చి మా అరుగు మీద మొహమాటంగా కూర్చున్నాడు. ఆయన మంచివాడే. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే మాత్రం కాఫీ మొత్తం తాగేసేదాకా నోరు తెరవడు. ఆ రోజు రెండు గ్లాసులు తాగి, దొన్యా అని మర్యాదగా మొదలుపెట్టాడు.

"దొన్యా ఒటీలియా, వచ్చే మంగళవారం నేను మీ ముందే కూర్చుని చూస్తానండీ. మీరు ఏరి ఇచ్చినదాంట్లో ఒక్క చెడ్డ కాయున్నా మేం కొనేవాళ్ళ జాబితాలోంచి మీ పేరు తీసెయ్యాలి. నా చేతుల్లో లేదు."

"నీ చేతుల్లో నా కాఫీ ఉంది. అది కింద పెట్టి మాట్లాడు."

"పెట్టానండీ."

"ఈగలు ఎవరు పంపిస్తున్నారో తెలుసా నీకు?"

కంచె అవతలినుంచి నికానోర్ గొంతు వచ్చింది. "ఆఁ, నేనే పంపిస్తున్నా! ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచి, ఒటీలియా ఇంటికి పోండమ్మా అని పంపిస్తున్నా!"

"చూశావా, వాడే ఒప్పుకున్నాడు" అంది అమ్మమ్మ.

నికానోర్ ఈగలు పంపలేదు గాని ఫిర్యాదులు పంపాడు. ఆవిడ గది శుభ్రంగా ఉండదని, ఆ ఈగలు తన నీలం రెక్కలవాటి మీద పడుతున్నాయని, ఆవిడ పేరు తీసేస్తే ఆ చోటు కూడా తనే నింపుతానని మూడు నెలల్లో నాలుగు చీటీలు రాశాడు. వాటిని పికప్ దాకా మోసినవాళ్ళలో నేనూ ఒకర్తెని. చీటీలో ఏముందో నాకు తెలియదని ఆయన అనుకున్నాడు. ఆరో తరగతితో బడి మానేసినదానికి చదువు రాదని చాలామంది అనుకుంటారు.

ఇక నేను చేసిన కోతిపని చెప్పాలి. ఆ వారంలో ఒకరోజు ఊరికే నవ్వుకోవడానికి పాల అట్టపెట్టె కత్తిరించి, బొగ్గు రాసి, రెక్కలు పరిచిన చిటపటలా చేసి జోబో చెట్టుకి జిగురుతో అంటించాను. అంత బాగా కూడా కుదరలేదు. ఒక రెక్క మీద పాల కంపెనీ ఆవు బొమ్మ సగం కనపడుతూనే ఉంది. పొద్దున అమ్మమ్మ వల పట్టుకుని వచ్చింది. పెంపకానికి కొత్త రక్తం కావాలంటే అప్పుడప్పుడూ అడవి చిటపటల్ని పట్టి గదిలో కలపాలి.

"అక్కడుంది చూడమ్మమ్మా, కుడిపక్క."

"నాకు కనపడట్లేదనుకున్నావా? నువ్వు పుట్టకముందే చూశా దాన్ని." వల విసిరింది. బొమ్మ కదల్లేదు. "ఏమే, సిగ్గులేదూ? లే. లేస్తావా లేదా? ఇంతకంటే మొండిదాన్ని చూడలేదు. ఆ నికానోర్ గాడి పక్క కూర్చుని వాడి బుద్ధులే వచ్చాయి దీనికి!" అంటూ పది నిమిషాలు ఆ అట్టముక్కని తిట్టింది. నేను నోట్లో గౌను కుక్కుకుని నవ్వాను. అంతలో పైకొమ్మ దగ్గరినుంచి నిజం చిటపట ఒకటి చిటచిటమంటూ దిగింది. అమ్మమ్మ తల కూడా తిప్పకుండా, చప్పుడు వచ్చిన వైపుకి వల ఒక్క ఊపు ఊపి గాలిలోనే పట్టేసింది.

నా నవ్వు అక్కడితో ఆగిపోయింది. మూరెడు దూరంలో ఉన్న ఆవు బొమ్మ ఆవిడకి కనపడలేదు. ఆవనీ, అట్టనీ కనిపెట్టలేని కంటికి పురుగు వీపు మీద తెల్లచుక్క ఎలా కనపడుతుంది?

వెనక్కి తిరిగి లెక్కేసుకుంటే అన్నీ అర్థమయ్యాయి. ఏడాదిగా ఆవిడ ఎవర్నీ వలగది గుమ్మం దాటనివ్వట్లేదు. ఎవరొచ్చినా నాలుగడుగుల దూరంలోనే తిట్లు మొదలు, వాళ్ళు దగ్గరికి రాకుండా. కాగితం ఇస్తే విసిరి కొడుతుంది. మేమంతా వయసుతో పాటు కోపం పెరిగిందనుకున్నాం.

"అమ్మమ్మా, నీ కళ్ళు..."

"నా కళ్ళు బాగానే ఉన్నాయి. నీ మొహమే బాగాలేదు."

"అది అట్టముక్క. ఆవు బొమ్మున్న అట్టముక్క."

పట్టిన చిటపట వలలో కొట్టుకుంటోంది.

"మంగళవారం నేను ఏరతాలే" అన్నాను. "నువ్వు పక్కన కూర్చో చాలు."

"నువ్వు ఏరితే పేరు నీది. జాబితాలో ఉన్నది ఒటీలియా బ్రెనెస్. ముప్పై ఏళ్ళు దద్దుర్లెక్కిన చేతులివి. వీటికి పేరు లేకపోతే ఇక నేను వాడి కంచె పక్కన కూర్చుని ఏం తిట్టాలి? అడుక్కునేదాన్ని చూసినట్టు వాడు నా మీద జాలిపడతాడు." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూశాను. చావు గురించి మాట్లాడినప్పుడు కూడా అంత భయం లేదు. "ఎవరికైనా చెప్పావో, దురదతీగ నీ పక్క కింద పరుస్తా."

ఆదివారం, సోమవారం కూడా నన్ను గదిలోకి రానివ్వలేదు. లోపల రేకు కంచం చప్పుడు. ఒకసారి టకటకమనేది, తర్వాత నిశ్శబ్దం. ముసలావిడ మతి పోగొట్టుకుందేమో అనుకుని వల చిల్లులోంచి తొంగిచూశాను. రేకు కంచం బోర్లించి, దాని మీద కాయ పెట్టి, వేలితో చిన్నగా మీటి, చెవి ఆనించి వింటోంది.

మంగళవారం పదిగంటలకి విల్బెర్త్ వచ్చాడు. కంచె అవతల నికానోర్ అప్పటికే స్టూలు వేసుకుని, చేతిలో బెల్లంనీళ్ళ గ్లాసుతో, సర్కస్ చూడ్డానికి వచ్చినట్టు కూర్చున్నాడు. ఆయనకి మోకాలు అరిగిపోయింది. చర్చికి కూడా రాడు. కాని ఆ రోజు స్టూలు మోసుకొచ్చుకున్నాడు.

విల్బెర్త్ గొంతు సవరించుకున్నాడు. "దొన్ నికానోర్, మీకూ ఒక మాట చెప్పాలి. దొన్యా ఒటీలియా పేరు తీసేస్తే పికప్ ఇక కొండెక్కదు. ఒక్క ఇంటికోసం బండి ఎక్కించకూడదని నియమం. మీ పెట్టెలు మీరే ఏటి వంతెన దాకా తెచ్చుకోవాలి. ఆరింటికల్లా."

నికానోర్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. వంతెన దాకా గంటన్నర దిగాలి. ఆ మోకాలితో అయితే దిగడమే, ఎక్కడం ఉండదు.

"ఈ నియమం ఎప్పుడు పెట్టారు?"

"ఎప్పట్నుంచో ఉందండీ. మీరు చీటీల్లో అడగలేదు."

"ఏ చీటీలు?" అంది అమ్మమ్మ.

నేను కోళ్ళ వైపు చూశాను.

విల్బెర్త్ నలభై కాయలు ఎంచి బల్ల మీద పెట్టాడు. అమ్మమ్మ రేకు కంచం బోర్లించింది. ఒక్కో కాయనీ దాని మీద పెట్టి మీటింది. మంచి కాయని ముట్టుకుంటే లోపలున్నది ఒళ్ళు విదిలిస్తుంది. రేకు మీద టకటకా కొట్టుకుంటుంది. ఈగ తిన్నది ఊరికే పడి ఉంటుంది. టకటక, కుడిపక్క. టకటక, కుడిపక్క. నిశ్శబ్దం. ఆవిడ మళ్ళీ మీటి, చెవి ఆనించి, ఎడంపక్క విసిరింది. కళ్ళు మూసుకునే ఉంది. నాకు తప్ప మిగతావాళ్ళకి అది గొప్ప చూపించుకోవడంలా కనపడి ఉంటుంది.

ఎడంపక్క అయిదు చేరాయి.

విల్బెర్త్ అందులో ఒకటి తీసి వెలుతురుకి పట్టాడు. "ఇది బాగుందండీ. రంగు చూడండి, ఎక్కడా మచ్చ లేదు. ఇలా మంచివి పారేసినా..."

"కొయ్యి."

"కోస్తే చచ్చిపోతుంది కదండీ."

"చచ్చిందాన్ని ఎన్నిసార్లు చంపుతావు? కొయ్యవయ్యా!"

బ్లేడుతో కోశాడు. లోపల తెల్లగా, లావుగా, బియ్యపుగింజలాంటి ఈగపురుగు మెలితిరిగింది. మిగతా నాలుగూ కోశాడు. అన్నీ అంతే. కుడిపక్కవాటిలోంచి తనకి తోచినవి ఆరు ఏరి కంచం మీద పెట్టాడు. ఆరూ డోలు వాయించాయి.

విల్బెర్త్ మొహం విప్పారింది. "ఇక ఈ కాగితం నింపి సంతకం పెట్టండి. లెక్క మీ చేత్తోనే రాయాలి, కింద నియమం చదివినట్టు గీత మీద పేరు పెట్టాలి."

ఇది మేం అనుకోలేదు. ఏడాదిగా ఆవిడ విసిరికొట్టిన కాగితాలు నేనే నింపి, పేరుకి బదులు ఆవిడ చేత గీత ఒకటి గీయించేదాన్ని. అమ్మమ్మ కాగితం అందుకుంది. పైకి ఎత్తి, భృకుటి ముడిచి, పెదాలు కదిపింది. చదువుతున్నట్టే ఉంది. కాగితం తలకిందులుగా ఉంది.

"దొన్యా ఒటీలియా..." విల్బెర్త్ మెల్లగా అన్నాడు. "అది తిరగేసి పట్టుకున్నారేమో."

అమ్మమ్మ కాగితం దించలేదు. తిప్పలేదు కూడా. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆవిడ నోట తిట్టు రాలేదు.

కంచె దగ్గర స్టూలు కిర్రుమంది.

"దాని తీరే అంత!" అన్నాడు నికానోర్. కుంటుకుంటూ కంచె సందులోంచి మా వైపు వచ్చేశాడు. పదిహేనేళ్ళుగా ఆయన కాలు ఇటు పడలేదు. "నువ్వు కొత్తవాడివి, నీకు తెలీదు. కోపమొస్తే కాగితం తలకిందులుగా చదువుతుంది. మనకి చదవడం రాదని వెక్కిరించడానికి. ఆ పురుగులు మాత్రం చెట్టు మీద నిటారుగా కూర్చుంటాయా?"

"కాని చదవాలి కదండీ..."

"నేను చదువుతా, అది వినలేక చస్తుంది. ఇదిగో ఒటీలియా, విను. 'పంపిన కాయలు' అని ఉంది. నలభైలో అయిదు పోతే ఎంతో కూడా మర్చిపోయావా, ముప్పై అయిదు. ఇంకా పట్టుకున్నావేం, తిప్పు కాగితం. ఊఁ. రాయి, ఇదిగో ఈ గడిలో, నా బొటనవేలు ఉన్నచోట. అక్కడ కాదే, పైకి! కోడి గీకినట్టు ఏమిటా అంకెలు! ఇక పేరు ఇక్కడ, నా చూపుడువేలు పక్కన. నీ పేరన్నా గుర్తుందా, లేకపోతే అదీ నేనే చెప్పాలా?"

అమ్మమ్మ ఆయన బొటనవేలు తడుముకుని అంకె వేసింది. చూపుడువేలు దొరకబుచ్చుకుని పేరు రాసింది. పేరు చివర కలం ముల్లు ఆయన గోటి పక్కన గట్టిగా దిగేసింది.

"అమ్మో!"

"అక్కడ చుక్క పెట్టాలి" అంది అమ్మమ్మ. "చుక్క లేకపోతే సంతకం చెల్లదు."

విల్బెర్త్ కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. సంతకం పక్కన నీలం సిరాలో సగం వేలిముద్ర ఉంది. ఆయన ఆవిడ వైపు చూశాడు, ఈయన వైపు చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ముద్ర కూడా పడింది. ఇంకేం కావాలి" అని పెట్టెలు బండిలో సర్దుకుని, కాఫీ అడక్కుండానే వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగేదాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"నీకోసం చెయ్యలేదు" అన్నాడు నికానోర్, వేలు చప్పరిస్తూ. "బండి కోసం."

"తెలుసులే. నీ మోకాలు నన్ను నిలబెట్టింది. దానికి దండం పెడతా, నీకు కాదు. ఇక నా గుమ్మం దిగు."

"చీటీలు నేనే రాశా."

"అదీ తెలుసు. నీ రాతని మోసిన గాడిద ఎవరో కూడా తెలుసు" అని నా వైపు తిరిగింది. నేను కట్టెలు తేవడానికి వెళ్ళిపోయాను. ఆ సాయంత్రం దురదతీగ కోసే పని మొత్తం నాకే పడింది.

అక్కడితో పగ తీరిందనుకునేరు. పెరిగింది. కాయలైతే రేకు మీద తేల్చుకుంటుంది గాని, గొంగళిపురుగు వీపు మీద తెల్లచుక్కకి చప్పుడుండదు కదా. నన్ను చూడనిస్తే తన పరువు పోతుందంటుంది. మర్నాడు ఏడు గంటలకి నికానోర్ కంచె దగ్గర స్టూలు వేశాడు. కళ్ళజోడు తుడుచుకుని వలలోంచి లోపలికి చూశాడు.

"మూడో వరసలో కిందనుంచి రెండో ఆకు! తెల్లచుక్క! కనపడలేదా గుడ్డి ముసలీ?"

"చూశానురా, చూసే వదిలేశా! నువ్వు చూస్తావో లేదోనని!" అంటూ అమ్మమ్మ వేలు వరసలు తడుముకుంటూ మూడో దగ్గర ఆగి, ఆకు పట్టుకుని, పురుగు వీపు నిమిరి, గోటితో చిటుక్కుమనిపించింది.

"అయిదో వరసలో రెండున్నాయి!"

"అవి నీ ఇంటినుంచే వచ్చాయి! మొహం పోలికలున్నాయి!"

ఇప్పుడు రోజూ ఇదే. గంటసేపు కొండ మారుమోగుతుంది. జోబో చెట్టు మీది చిటపటలు కూడా వీళ్ళ గొంతులకి బెదిరి పైకొమ్మలకి మారాయి. పెట్టెల్లోంచి ఈగలు మాత్రం మళ్ళీ రాలేదు.

మొన్న అమ్మమ్మ గ్లాసుడు కాఫీ నా చేతిలో పెట్టి, "ఆ గొంతు ఎండిపోయి చచ్చేలా ఉంది, వాడికిచ్చి రా" అంది. దారిలో రుచి చూశాను. చెంచాడు ఉప్పు. నికానోర్ ఒక గుక్క తాగి, ఆగి, మా వలగది వైపు చూశాడు. తర్వాత అడుగు దాకా తాగి గ్లాసు నా చేతికిచ్చాడు.

"చక్కెర ఎక్కువేసిందని చెప్పు" అన్నాడు.